గొంగడి కప్పుకున్న రాతి దొర

నా దుకాణం గోడకున్న బొమ్మలల్ల నిలబడ్డ మనిషి తలకాయ వెనుక దిండు ఎందుకుందని నన్ను అడగని మనిషి జనగామల లేడు. నేను గూడ ఒక్కొక్కరికి ఒక్కో జవాబు చెప్పిన. పాలు పోసేటాయనకు ఏం చెప్పిన్నంటె, ఆ బొమ్మలల్ల దొరల దేశంల నేలంత మంచు, పండుకుంటె మనిషి నేలకు అంటుకపోతడు, అందుకని గోడకు దిండు ఆనిచ్చి నిలబడే నిద్రపోతరని. ఆయన క్యాను కింద పెట్టి జరసేపు ఆలోచన చేసిండు.

"మరి పొర్లుడెట్లనే?"

"పొర్లరు. పొర్లకనే వాళ్లు రాజ్యాలేలిండ్రు. మనం పొర్లుకుంట పొర్లుకుంట గిట్లున్నం."

ఆయన తల ఊపుకుంట పోయిండు. ఆ దినం సందు మొత్తం ఇండ్లల్ల పాలతోటి పాటు గీ ముచ్చట గూడ పోసిండట.

నాది ఫోటోలకు ఫ్రేములు కట్టే దుకాణం. గోడలకు సగం దేవుండ్లు, సగం పోయినోళ్లు, నడుమ నడుమ పెండ్లి జంటలు. దేవుండ్లకు నేను చేసేదేం లేదు, బంగారు రంగు పట్టీ కొడితె చాలు. పోయినోళ్ల కాడ్నే అసలు పనితనం. ఇంటోళ్లు తెచ్చేది గోరంత ఫోటో. దాన్ని కంప్యూటర్ల పెద్దగ చేసి, బనీను మీదున్న మనిషికి కోటు తొడిగి, భుజం మీద కండువా ఏసి, వెనుక నీలం మబ్బులు పెట్టి పంపిస్త. పాణం పోయినంక తీసిన ఫోటో అయితె కండ్లు గూడ తెరిపిస్త. ఒకసారి ఒక పెద్దాయనకు సరిపొయ్యే కండ్లు దొరకక మా మేనమామ కండ్లు పెట్టిన. "మా బాపు సూపు ఎంత మెత్తగున్నదో" అని ఇంటోళ్లు ఒకటే ఏడుపు. మా మేనమామ ఇప్పటికీ సల్లగున్నడు. ఆ ఊరికి పోతె చాలు, జనం ఆయన మొకం చూసి చెప్పులు ఇడుస్తరు.

ఇగ ఆ దిండు మనుషులు నా దుకాణంలకు ఎట్ల వచ్చిండ్రంటె, ఒక రిటైరైన పంతులు సారు తెచ్చిండు. ఆయన నాయిన ఒకప్పుడు మిషను బంగ్లాల వంట చేసెటోడు. దొరలు ఊరు ఇడిసిపోయేటప్పుడు కుర్చీలు, పింగాణీ పల్లాలు ఎవరెవరికో పోయినయి, వంటాయన వంతుకు ఒక తోలుపెట్టె వచ్చింది. దాంట్ల గీ బొమ్మలు. కాయిదం గోధుమరంగుకు తిరిగింది, అంచులు పురుగు కొట్టినయి, బొమ్మ సల్లగున్నది.

ఇంగ్లండు చర్చీలల్ల పాతకాలపు దొరల సమాధులుంటయని సారు చెప్పిండు. పోయిన మనిషినే రాతిల చెక్కి, సమాధి మీద వెల్లకిల పండవెడ్తరట. తలకింద రాతిదిండు, కాళ్లకాడ రాతికుక్క, ఎదమీద జోడించిన రాతిచేతులు. ఎవరో ఓపికున్నోళ్లు నిచ్చెన ఎక్కి, పైనుంచి చూసుకుంట ఆ రాతిమనుషులను గీసిండ్రు. ఇంకెవరో ఆ గీసినదాన్ని రాగిరేకు మీద చెక్కి, సిరా పూసి, కాయిదం మీద అచ్చొత్తిండ్రు. మా పెంబర్తిల ఇత్తడి మీద చెక్కుతరు గదా, గసొంటి చెయ్యే, కాకపోతె గిది చీమ నడక. భూతద్దం పెట్టి చూస్తె నలుపనేదే లేదు, అంత గీతలే. గీతకు గీత అడ్డం పోతె చెంప అయింది, గీత గీత దగ్గరికి జరిగితె కంటిగుంట అయింది. ఒక దొరసాని దుప్పటి మడతలు చూసుకుంట చూసుకుంట నేను ఒక పొద్దంత చాయ్ తాగుడు మర్చిపోయిన. అబద్ధం కాదు, మా ఇంటామెనడుగుండ్రి.

సారుకు బిడ్డ ఉన్నది. వాళ్ల కొత్త ఫ్లాటుల పెట్టుకోను గీ బొమ్మలను పెద్దగ, మందం కాయిదం మీద ప్రింటు తీసి ఫ్రేములు కట్టుమన్నడు. పాత చెక్కుడు బొమ్మలు హాలుల పెట్టుకునుడు ఇప్పుడు గొప్పోళ్ల ఇండ్లల్ల ఫ్యాషనట. నేను పాణం పెట్టి కట్టిన. బిడ్డ వచ్చింది, ఒకటి చూసింది, రెండోది చూసింది.

"డాడీ, సోఫా మీద పీనుగులా?"

అంతే, కారెక్కింది. సారు మొకం సున్నం కొట్టినట్టయింది. "నీ కాడ్నే ఉండనీ తమ్మీ, నీకు కతలకన్న పనికొస్తయి" అని పెట్టెతోటి సహా ఇడిసిపోయిండు.

అట్ల వాళ్లు నా గోడ ఎక్కిండ్రు. పైనుంచి గీసిన బొమ్మలాయె, గోడకు తగిలిస్తె పండుకున్నోళ్లంత లేచి నిలబడ్డరు. చేతులు ముందుగాల్నే జోడించి ఉన్నయి గనుక వచ్చినోళ్లకు దండం పెట్టుడు షురూ చేసిండ్రు. ఇగ చూడు గిరాకీ! స్టేషన్ ఘన్‌పూర్‌ల ఒక ఫంక్షన్ హాలు ఓనరు రాజు రాణి జంటను కొనుక్కపోయి గేటుకు చెరో పక్క నిలబెట్టిండు, పెండ్లికొచ్చేటోళ్లకు స్వాగతమని. తరిగొప్పుల నుంచి ఒక మొగడు పెండ్లాలు వచ్చి, చెయ్యిల చెయ్యి ఏసుకున్న దొరను దొరసానిని చూసి, "చూడు, ఎన్కట గూడ గిట్ల చెయ్యి పట్టుకున్న మొగోడు ఉన్నడు" అని ఆమె ఎత్తిపొడుస్తే ఆయన కిక్కురుమనకుండ కొన్నడు.

నా పక్క దుకాణం అద్దాలు కోసే భాయ్‌ది. నా ఫ్రేములకు అద్దాలన్ని ఆయనవే, నా కతలకు మొదటి శత్రువు గూడ ఆయనే.

"క్యా మియా, ఖబ్రస్తాన్ మొత్తం తెచ్చి దీవార్‌కు కొట్టినవ్. రేపు ఖయామత్ నాడు గీళ్లంత లేస్తె నీ పేరే చెప్తరు చూడు, గీడే మమ్మల్ని పండుకోనియ్యలే అని."

"లేస్తె మంచిదే భాయ్. ఫ్రేముల కెల్లి బయటికొస్తె అద్దం పలుగుతది, కొత్త అద్దం నీ దగ్గర్నే కొంట."

గిట్ల నడుస్తుండంగ ఒకనాడు భూపాలపల్లి దిక్కు ఊరామె ఒకామె వచ్చింది. నాకంటె పెద్దది, నుదురు మీద పచ్చబొట్టు, చేతుల గుడ్డసంచి. కూతురిది జనగామనట, చూడవచ్చింది. ఏం గావాలక్కా అని నేను అడిగేలోపే గోడకున్న ఒక దొర ముందట నిలబడి కిందికెల్లి మీదిదాక చూసింది.

"తమ్మీ, గీయన ఏ ఊరి మందాయన?"

"ఏం మందక్కా?"

"ఇంకేం మంద, గొర్లమంద. గొంగడేసుకున్నడు. కొప్పెర తలమీదికి గుంజుకున్నడు. పక్కకు కర్రున్నది. కాలుమీద కాలేసి నిలబడ్డడు. కాళ్లకాడ కుక్క. ఇంక ఏ మందని నన్నడుగుతవా?"

నేను తిరిగి చూసిన. ఆ దొర ఎన్కటి యుద్ధాలకు పోయిన సిపాయి. ఒంటినిండ ఇనుప గొలుసుల అంగీ, తలమీదికి గూడ దాని ముసుగే. చెక్కినాయన ఒక్కో కడియం లెక్కబెట్టినట్టు గీసిండు. నిజంగనే గొంగడి నేత! పక్కకు వేలాడేది కత్తి, కాని ఒరల ఉన్నది గనుక కర్రోలెనే ఉన్నది. ఇగ ఆ కాళ్లు! దొరలు కాలుమీద కాలేసుకొని ఎందుకు చచ్చిపోతరో పంతులు సారుకే తెల్వలే. ఎండపూట మందను ఇడిసి, కర్రకు ఆనుకొని, ఒక కాలు మెలేసి నిలబడే గొర్లకాపరిని నేను పుట్టినప్పటిసంది చూస్తున్న. ఇన్ని దినాలు నా గోడకే ఉన్నోన్ని నేను గుర్తువట్టలే.

అయినా దుకాణదారుణ్ని గదా, ధర్మంగ చెప్పిన. "అక్కా, గది గొంగడి గాదు. ఇనుముది."

"ఇనుప గొంగడి ఎవడేసుకుంటడు తమ్మీ, పిచ్చోడా? వానకు తుప్పు పట్టదా?"

ఆ తుప్పు సంగతి నాకు గూడ అనుమానమే.

ఆమె స్టూలు మీద కూసొని సంచిలకెల్లి ఆధార్ కార్డు తీసింది. ఆమె ఇంటాయన పోయి ఏడాదికి వస్తున్నది. మంద కాసిన మనిషి, బతికినన్నాళ్లు ఒక్క ఫోటో దిగలే. దిగిన ఒక్కటి గీ కార్డుది, అది గూడ లైన్ల ముందటికి దూరినోన్ని తిట్టుకుంటుండంగ దిగింది. చెంప మీద పాత గాటు, నోరు సగం తెరిచి, ఒక కన్ను చిన్నగ చేసి, ఇప్పుడే లేచి కొడతడన్నట్టున్నడు.

"గీ మొకాన్ని తీసి, గా మందాయన మొకం కాడ పెట్టు. చేతులు మాత్రం గవ్వే ఉంచు. చేతుల కోసమే వచ్చిన."

"చేతులకేమున్నదక్కా?"

అప్పుడు చెప్పింది. ఆమె ఇంటాయనకు ఒక్కడే తమ్ముడు. మంద పంచుకునేటప్పుడు ముందట నడిచే పొట్టేలు నాదంటె నాదని కొట్లాడుకున్నరు. పెద్దాయన గుంజుకున్నడు. చిన్నాయన తన వంతు గొర్లను అమ్ముకొని మానుకోటకు పోయి చాయ్ హోటల్ పెట్టుకున్నడు. మహబూబాబాద్‌ను మేం మానుకోటనే అంటం. "ఇగ గిలాసలు కాసుకోపో" అని పెద్దాయన అందరి ముందట నవ్విండట. చిన్నాయన పంచె దులిపి ఒట్టు పెట్టిండు: "వాడు నాకు రెండు చేతులెత్తి దండం పెట్టిననాడు మీ ఇంట్ల ముద్ద ముడుత."

"మా ఆయన చేతులెత్తుతడా? గుడికి పోయినా చేతులు ఎనుకకు కట్టుకొనే నిలబడెటోడు. దేవుడే జర వంగి చూసుకోవాలె. దవాఖానల మాత్రం, ఆఖరుకు, 'తమ్ముడొస్తె బాగుండు' అన్నడు. నేను కబురు పంపే లోపే పాణం పోయింది. మరిది దినాలకు రాలే. పోయి బతిమాలిన. చాయ్ పోసిండు, ఏడ్సిండు, 'ఒట్టు పెట్టిన వదినె' అన్నడు. ఏడాది మాసికానికి గూడ తమ్ముడు ముద్ద ముట్టకపోతె ఆయనకు ఎట్ల దిగుతది తమ్మీ? బతికి ఎత్తలేదు, పోయినంకన్న ఎత్తనీ."

నేను లేచి కంప్యూటర్ కాడికి పోయిన. దొర మొకం తీసేసిన. కొప్పెర ముసుగుల కార్డు మొకం కూసున్నది. కూసున్నదంటె, దానికోసమే పుట్టినట్టు కూసున్నది. కాని కార్డు మొకం నున్నగుండి, మిగతాదంత గీతలుండె. ఆ మొకాన్ని గూడ సన్నటి గీతలుగ గీసుకుంట వచ్చిన. కండ్లు గుంజినయి, మెడ పట్టింది. భాయ్ వచ్చి నా భుజం మీదికెల్లి తొంగిచూసిండు.

"తౌబా. తిట్టుకుంట దండం పెడుతున్నడు."

"మంచిగనే ఉన్నది" అన్నది అక్క. "తిట్టకపోతె ఆయనే గాదు. కుక్కనే మాది గాదు. మాదానికి ఒక చెవ్వు లేదు, తోడేలు కొరికింది."

దొరవారి కుక్క చెవ్వు కోసేసిన. మౌసుతోటి ఒక్క గుంజుడు. ఎన్నో వందల ఏండ్ల సంది ఆ సమాధి మీద పండుకున్న కుక్క, నొప్పి అనలే.

"దిండు తీసెయ్యనా అక్కా?"

"ఉండనీ. బతికినన్నాళ్లు చెయ్యే దిండాయె. ఇప్పుడన్న మెత్తగుండనీ."

"నిలబడ్డడు గదా?"

"మందకాడ నిలబడే నిద్రపొయ్యెటోడు."

పాలాయనకు చెప్పిన అబద్ధం ఇట్ల తిరిగి తిరిగి నిజమై వస్తదని నేననుకోలే.

ఫ్రేము తలుపంత అయింది. అక్క మాసికం పనులు చూసుకోను ఊరికి పోవాలె. "నువ్వు చేసిన మనిషి తమ్మీ, నువ్వే తోలుకపో. ముందుగాల మానుకోటకు పోయి తమ్మునికి దండం పెట్టనీ, ఆడికెల్లి ఇంటికి తోలుకరా" అన్నది. ఎందుకు ఒప్పుకున్ననో నాకు ఇప్పటికీ తెల్వదు. నేను పుట్టించిన మనిషిని ఎవలకో అప్పజెప్పుడు నచ్చలేదేమో.

భాయ్ పాత దుప్పటి చుట్టి, తాడు కట్టి, స్టేషనుదాక వచ్చిండు. "ఒక్క మాట యాదికుంచుకో మియా. నిలువు పట్టుకో. అడ్డం పెట్టినవనుకో, మయ్యత్ అయితది, పీనుగే."

మాట విన్న. కాజీపేటదాక నిలువే పట్టుకున్న. ఆడ జనం ఎక్కిండ్రు, నా చెయ్యి నొప్పిపుట్టింది, ఇగ తప్పదని సీటుమీద అడ్డం పెట్టిన. దుప్పటి జారింది. ఎదురుంగ ఆకుకూరల గంపామె ఒక్కసారి లేచి నిలబడ్డది.

"అయ్యో కొడుకా! ఎవలు పోయిండ్రు?"

'బొమ్మ అక్కా' అంటె అయిపోవు. కాని నోరు ఊకుంటదా? "మా పెద్దాయన" అన్న.

"ఎట్ల పోయిండు?"

"యుద్ధంల."

నాకు ఎదురుంగ కూసున్నాయన నెత్తి రుమాలు తీసి పక్కకు పెట్టుకున్నడు.

"ఏ యుద్ధం?"

"తమ్మునితోటి."

"అట్ల చెప్పు" అన్నది గంపామె, కండ్లు తుడుసుకుంట. "అన్నిట్ల పెద్దది గదే." సంచిలున్న బంతిపువ్వులు తెంపి అద్దం మీద ఏసింది. ఒకాయన లేచి నాకు జాగిచ్చిండు, ఇంకొకామె అరటిపండు ఇచ్చి పాణం నిలుపుకోవాలె బిడ్డా అన్నది. మానుకోట వచ్చేటాళ్లకు నాకే నిజంగ దుఃఖమొచ్చింది. దిగుదామని ఫ్రేమును నిలబెట్టిన. పువ్వులు జలజల రాలినయి, పోయినాయన లేచి రైలు డబ్బా మొత్తానికి దండం పెట్టిండు. గంపామె కేకేసింది. కాని మర్యాద మనుషులు, దండం పెట్టినోనికి తిరిగి పెట్టకుండ ఎట్లుంటరు? రైలు కదిలిపోతుంటె కిటికీలల్ల అందరి చేతులు జోడించే ఉన్నయి.

చాయ్ హోటల్ మిర్చి మార్కెట్ దిక్కు. ఆడ తుమ్మకుండ ఎవలు మాట్లాడలేరు. తెల్ల మీసాలు, భుజం మీద తువ్వాల, చేతుల కెటిలు, చిన్నాయనను గుర్తువట్టుడు కష్టం గాలే. అన్న మొకమే, నోరు మూసుకొని ఉన్నదంతే. నేను సప్పుడు జేయకుండ ఫ్రేమును బల్లకానిచ్చి దుప్పటి తీసిన.

కెటిలు ఒంచిన చెయ్యి అట్లనే ఆగింది. గిలాస నిండి పొర్లింది.

"ఎవన్రా నువ్వు?"

"జనగామ, అన్నా. మీ వదినె తోలిచ్చింది. పెద్దాయన మీకు దండం పెట్టవచ్చిండు. రేపు మాసికం."

చాయ్ తాగేటోళ్లంత బల్లలు ఇడిసి వచ్చిండ్రు. ఒట్టు సంగతి ఆ బజారంతటికి తెలుసునట. "పెట్టిండు చూడవోయ్ పెద్దాయన, ఇంకేంది, పో" అని ఒక హమాలీ అన్నడు, తుమ్మి. "సత్యం!" అన్నడు ఇంకొకడు. మా దిక్కు మాట అన్నప్పుడు తుమ్మితె సత్యమంటం గాని, మిర్చి మార్కెట్‌ల అది ఎంత చెల్లుతదో చెప్పలేను.

చిన్నాయన కండ్లద్దాలు పెట్టుకొని వంగిండు. మొకం చూసిండు. కుక్క చెవ్వు చూసిండు. ఆఖరుకు చేతుల కాడ ఆగిండు.

"గీ చేతులు మా అన్నయి గావు. మా అన్నకు కుడిచేతి చిటికెనవేలు వంకర. పొట్టేలు కుమ్మింది."

"పైన దవాఖాన మంచిగున్నదన్నా. సక్కగ చేసి పంపిండ్రు."

"మరి మొకం మీద గాటు మాన్పలేదా?"

"గది వేరే డాక్టరు. ఆయన సెలవుల ఉన్నడు."

జనం నవ్విండ్రు. చిన్నాయన నవ్వలే. నా దిక్కు అట్లనే చూసిండు. ఎన్ని కతలు చెప్పినా నాకు ఎదుటోడు నవ్వుడో నమ్ముడో అలవాటు. ఈ మనిషి రెండు చేయకుండ ఎదురు చూస్తున్నడు. ఇగ ఉన్నదున్నట్టు చెప్పిన. గీ చేతులు ఇంగ్లండుల ఎవలో దొరవి, ఆ దొర సమాధి మీద రాతిబొమ్మవి, మొకం మాత్రమే మీ అన్నది, కలిపింది నేను, ఉపాయం మీ వదినెది అన్న. బతికి ఆయన చేతులు ఎత్తలేదు, దవాఖానల మాత్రం తమ్ముడొస్తె బాగుండన్నడట, అది గూడ చెప్పిన.

చిన్నాయన అద్దం మీద చెయ్యి పెట్టిండు.

"రాయా?"

"రాయే అన్నా."

"మా అన్న గూడ రాయే" అన్నడు. "రాతిమనిషికి రాతిచేతులు పెట్టినవ్. తప్పేమున్నది."

అని తువ్వాలతోటి మొకం తుడుసుకొని, ఎంబడే గొంతు పెంచిండు. "కాని నేను రాను! ఒట్టు ఒట్టే. బొమ్మ తలుపంతున్నది, నువ్వు చూస్తె ఎండినకట్టె తీరుగున్నవ్. భూపాలపల్లిదాక పట్టుకోను వస్త. గంతే. ఇంట్ల కాలు పెట్ట."

"పట్టుకోనే గదా" అన్న. హోటలుకు తాళం ఏసేటప్పుడు కొత్త తువ్వాల, ఉతికిన పంచె సంచిల పెట్టుకునుడు చూసిన. పట్టుకోను పోయేటోనికి పంచె ఎందుకని నేను అడగలే.

తెల్లారి పొద్దుగాల్ల బస్సుల మొదటిసారి ఆయన చేతులల్ల అన్న ఉన్నడు. బస్సు ఎగిరినప్పుడల్ల ఫ్రేమును ఎదకు ఒత్తుకొని, "కూసో, కూసో, నీకెప్పుడు తొందరే" అని గునుసుకుంట తిట్టిండు. భూపాలపల్లి దాటి బొగ్గు లారీల రోడ్డు ఇడిసి లోపలికి పోయినం. ఊరు మొగదలకు రాంగనే చిన్నాయన నడక మెల్లగయింది. ఇంటి ముందట చుట్టాలు, గంజులు, పొయ్యిల పొగ. వాకిట్ల అక్క నిలబడి ఉన్నది, మమ్మల్ని చూసి నోట్ల కొంగు కుక్కుకున్నది.

కడప కాడ ఆయన ఆగిండు. అందరు ఆగిండ్రు. నేను ఫ్రేము అందుకుంటనని చేతులు చాపిన. ఇయ్యలే. ఎదురుంగ ఎత్తి పట్టుకొని, దాని వెనుక దాక్కున్నడు. మాకు కనవడేది పెద్దాయన బొమ్మ, దానికింద తమ్ముని కాళ్లు.

"వదినె, పక్కకు జరుగు" అన్నది బొమ్మ వెనుక నుంచి గొంతు. "ఆయన ఇంట్లకు ఆయన పోతున్నడు. నేను ఒట్టిగ కాళ్లు ఇచ్చిన."

పెద్దాయన తిట్టుకుంట, దండం పెట్టుకుంట, ఇంట్లకు నడిచిండు. అక్క కాళ్లకు నీళ్లు పోసింది. ఎవల కాళ్లకు పోసిందో నేను చెప్ప.

బొమ్మను కుర్చీల నిలబెట్టిండ్రు. కుర్చీ వాకిలి దిక్కుండె. చిన్నాయన ఎదురుగోడకు కూసొని, "నా దిక్కు తిప్పుండ్రి" అన్నడు. తిప్పిండ్రు. పంచె మార్చుకొని వచ్చి మళ్ల కూసున్నడు. అన్నం, యాటకూర, కల్లు, బీడికట్ట విస్తరిల పెట్టి ఇంటిమీది పెంక మీద పెట్టినం. కాకి ముట్టాలె, ముట్టినంకనే చుట్టాలకు బువ్వ. పోయినాయనకు ఏదన్న తక్కువైతె కాకి రాదంటరు.

కాకి రాలే.

ఎండ నెత్తికెక్కింది. "అగ్గిపెట్టె పెట్టలే, బీడీ ఎట్ల ముట్టించుకుంటడు?" అన్నరొకరు. పెట్టినం. "గొంగడి లేదు" అన్నరు. "బొమ్మల ఏసుకున్నడు గదా" అన్న నేను. "కుక్కకు ఎముక పెట్టిండ్రా?" అన్నరింకొకరు. అది గూడ పెట్టినం. ఊర్ల కాకులన్ని ఎవని పెండ్లికి పోయినయో తెల్వదు. పిల్లలు ఏడ్వవట్టిండ్రు. కుల పెద్దమనిషి గొంతు సవరించుకొని, "పెద్దాయనకు మనసుల ఏదో ఉన్నట్టున్నది" అని చిన్నాయన దిక్కు చూడకుండ అన్నడు. అక్క మొకం వాడిపోయింది. పెంక దిక్కు చూసుడు ఆపేసి భూమిని చూడవట్టింది.

అప్పుడు పక్కింటి ఎర్రకోడి గోడెక్కి, గోడమీదికెల్లి పెంక మీదికి ఎగిరి, విస్తరిల నాలుగు మెతుకులు తిన్నది. "హుష్! హుష్!" అని చుట్టాలు కట్టెలందుకున్నరు.

"ఆగుండ్రి!" చిన్నాయన లేచిండు. "కోడి పిట్ట గాదా?"

పెద్దమనిషి ముందటికొచ్చిండు. "కాకి ముట్టాలెనని…"

"రెక్కలున్నయా లెవ్వా? ముక్కున్నదా లేదా? పెంక మీదికి నడిచి పోయిందా, ఎగిరి పోయిందా? మా అన్న జన్మల ఎవడు చెప్పిన దారిన పోయిండు? కాకి తీరుగ వస్తడని మీరెట్ల అనుకున్నరు? ముట్టిండు. నేను చూసిన. వడ్డియ్యి వదినె, ఆకలైతున్నది."

అని బొమ్మకు ఎదురుంగ బాసిపట్ల ఏసుకొని కూసున్నడు. అక్క తనే వడ్డించింది, ఆయన మొకమే చూసుకుంట ఏస్తె కూర సగం నేలమీద పడ్డది. ఆయన ముద్ద కలిపిండు. నోట్ల పెట్టుకునే ముందు బొమ్మను చూసిండు, జర తల ఊపిండు, తిన్నడు. ఉప్పు తక్కువైందన్నడు. మళ్ల తిన్నడు.

పొద్దటిసంది ఒక్క కన్నీటి బొట్టు రాల్చని అక్క గరిటె పట్టుకొని పోయి బొమ్మ ముందట నిలబడ్డది.

"సూస్తున్నవా? తింటున్నడు నీ తమ్ముడు. ఇగ చేతులు దించు, నొప్పిపెడుతయి."

"ఉండనీ వదినె, జరసేపు ఉండనీ" అన్నడు చిన్నాయన, నోట్ల ముద్దతోటి. "నేనింక రెండోసారి కూర ఏసుకోలే."